బియ్యం డబ్బాలో పెట్టిన ఫోన్

ఆదివారం పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు నా కొడుకు ఫోన్ తీసుకెళ్ళి బియ్యం డబ్బాలో మోచేతి లోతున పెట్టాను. మాఘమాసం. తెలంగాణ రావడానికి ముందటి ఏడు. వంటింటి గోడ మీద గడియారం ఎదురుగానే ఉంది. చేసేది దొంగపని కాబట్టి రెండుసార్లు చూశాను, అందుకే నిమిషంతో సహా గుర్తుంది.

నా కొడుకు మత్తు డాక్టరు. ఆపరేషన్‌కు ముందు మనిషిని నిద్రపుచ్చి, అయ్యాక లేపే డాక్టరు. ఉప్పల్, నాచారం చుట్టుపక్కల చిన్న నర్సింగ్ హోములు చాలా ఉన్నాయి. వాటికి సొంత మత్తు డాక్టరు ఉండడు. ఆపరేషన్ పడితే ఫోన్ చేస్తారు, వీడు సంచి భుజానికేసుకుని బండి మీద పోతాడు. ఒకే రోజు మూడు చోట్లకు పోయిన రోజులున్నాయి. కోసిన డాక్టరుకు జనం దండాలు పెడతారు, పండ్లు తెచ్చిస్తారు. నిద్రపుచ్చినవాణ్ణి ఎవరూ గుర్తుపెట్టుకోరు. వాళ్ళు చూసేది సగం ముఖమే, అదీ కళ్ళు మూతపడే ముందు. దానికి వాడెప్పుడూ బాధపడలేదు. నేను పడ్డాను.

మా ఇంట్లో బతుకంతా ఆ ఫోన్ చుట్టూ తిరిగేది. స్నానానికి పోతే ప్లాస్టిక్ సంచిలో చుట్టి నల్లా మీద పెట్టుకునేవాడు. పెండ్లికి పోతే చివరి వరసలో కూర్చునేవాడు, బండి మూతి రోడ్డు వైపు తిప్పి నిలిపేవాడు. కోడలు సైనిక్‌పురిలో ఒక బడిలో టీచరు. పెండ్లయిన కొత్తలో ఇద్దరూ కలిసి సినిమాకు పోయేవాళ్ళు, ఆమె ఒక్కతే ఆటోలో తిరిగొచ్చేది. "సగం సినిమా నేను చెప్పాలె మీ కొడుక్కి" అని నవ్వేది. లోపల ఏడ్చేదేమో నాకు తెలియదు. నేను అడగలేదు.

వాడి పనిలో ఒక కట్టుబాటు ఉంది. నిద్రపుచ్చినవాడే లేపాలి. పేషెంటు కళ్ళు తెరిచి, పేరడిగితే చెప్పి, గట్టిగా దగ్గేదాకా పక్కనుంచి కదలకూడదు. కోసిన డాక్టరు చేతులు కడుక్కుని ఇంటికి పోవచ్చు. వీడు పోకూడదు. పేషెంటు పది నిమిషాల్లో లేస్తే వీడు పది నిమిషాల్లో ఇంటికొస్తాడు, రెండు గంటలకు లేస్తే రెండు గంటలకు. అందుకే నేను వాణ్ణి ఎప్పుడొస్తావని అడగడం మానేశాను.

నా బిడ్డ మానలేదు. వాడి చెల్లె. పెండ్లయి మల్లాపూర్‌లో ఉంటుంది. అల్లుడు అక్కడే లేత్ మిషన్ల షాపులో పని. నేను నాచారం మందుల కంపెనీలో ఇరవై ఏళ్ళకు పైన గోలీలు డబ్బాల్లో సర్దాను. డబ్బా మీద ఏం రాసి ఉందో చదవడం రాకుండానే సర్దాను. నాకు యాభై దాటాక ఈ బిడ్డే చపాతీ పీట మీద పిండి చల్లి, వేలు పట్టుకుని అక్షరాలు నేర్పింది. ఓపిక ఉన్న మనిషి. కానీ అన్న దగ్గరికి వచ్చేసరికి ఆ ఓపిక అయిపోయింది. దానికి కారణం ఉంది.

మా ఇండ్లలో పిల్లల పుట్టువెంట్రుకలకు మొదటి కత్తెర మేనమామ వేయాలి. పిల్ల మామ ఒడిలో కూర్చోవాలి, మామ మూడుచోట్ల కత్తిరించాలి, తల్లి కొంగు పట్టి ఆ వెంట్రుకలు అందుకోవాలి. తర్వాతే మంగలి కత్తి పెడతాడు. తండ్రి ఊళ్ళో లేకున్నా నడుస్తుంది, మామ లేకుంటే నడవదు. మొదటి ఏడు తప్పిపోతే మూడో ఏట తీయాలి. మూడో ఏడూ తప్పిపోతే ఐదో ఏడు దాకా ఆగాలి.

మనవరాలి మొదటి ఏట ముహూర్తం పెట్టుకుని అందరం జీపు కట్టించుకుని గుట్ట మీది గుడికి బయల్దేరాం. ఘట్‌కేసర్ దగ్గర ఫోన్ మోగింది. వీడు దిగి, ఎదురుగా వచ్చే బస్సెక్కి వెనక్కి పోయాడు. మేము గుడి మెట్ల దగ్గర సాయంత్రం దాకా కూర్చుని, పులిహోర తిని, పిల్ల జుట్టు పిల్లకే ఉంచి తిరిగొచ్చాం. రెండోసారి మూడో ఏట పెట్టుకున్నాం. ఆ రోజు బంద్. ఎక్కడి డాక్టర్లు అక్కడే చిక్కుకున్నారు. నాచారానికి నడిచి పోగలిగినవాడు వీడొక్కడే, కేసులన్నీ వీడి నెత్తినే పడ్డాయి. ఇప్పుడిది మూడోసారి. ఈసారి గుట్ట వద్దనుకుని మా ఇంటి డాబా మీదనే పెట్టుకున్నాం. పిల్లకు మూడు నిండడానికి ఇరవై రోజులే ఉంది. ఈ లోపల అయ్యగారు చెప్పిన మంచి రోజు ఇదొక్కటే. జుట్టు కళ్ళలో పడుతూ, దువ్వెన పెట్టనీయక, ఆ పిల్ల చీపురుకట్టలా తిరిగేది.

ముందు రోజు సాయంత్రం బిడ్డ మా ఇంటికి వచ్చి అన్న ముందు కూర్చుంది.

"అన్నా, రేపు పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా టైం. ఉంటవా ఉండవా ఇప్పుడే చెప్పు."

"ఉంట."

"కిందటిసారి గూడ ఉంటనే అన్నవ్."

"ఈసారి అందరికీ చెప్పిన. వేరేటోళ్ళను చూసుకోమన్న."

"సరే. నువ్వు లేకుంటే భువనగిరి అన్న కూసుంటడు, నేను మాట్లాడి పెట్టిన." భువనగిరి అన్న అంటే మా బావగారి కొడుకు, వరుసకు పిల్లకు మేనమామే. "ఒక్కసారి ఆయన ఒడిల కూసున్నంక పిల్లకు ఇగ ఆయనే మామ. చెవులు కుట్టినా ఆయన్నే పిలుస్త, పెండ్లయినా ఆయన్నే పిలుస్త. నువ్వు ఫికర్ లేకుండ నీ దవాఖానలు చూసుకో."

వాడు నవ్వాడు. అది నవ్వలేదు. ఆ మాట ఉత్తినే అనలేదని నాకు తెలుసు. దానికి ఒక్కడే తోడబుట్టినవాడు. రేపు వాడు మళ్ళీ పోతే ఆ గడప ఇద్దరికీ మూసుకుంటుంది. నా మెదడులో అదే తిరిగింది.

అందుకే ఆదివారం పొద్దున వాడు తలస్నానానికి పోతుంటే ఎదురుపోయి, "ఫోన్ నాకియ్యి, నేను వింట. మోగితే పిలుస్త" అన్నాను. వాడు ఇచ్చాడు. వాడు లోపల గడియ వేసుకున్నాడు, నేను డబ్బా మూత తీశాను.

అది మోగింది. ఒకసారి కాదు, మూడుసార్లు. బియ్యంలో కూరుకుపోయిన ఫోన్ మోగితే డబ్బా లోపల తుమ్మెద తిరిగినట్టు ఉంటుంది. నేను మిక్సీ వేశాను. వాడు తల తుడుచుకుంటూ వచ్చి, "మోగిందానే?" అని అడిగాడు. "లేదు, చార్జింగ్ పెట్టిన" అన్నాను. వాడు కొత్త అంగీ తొడుక్కుని డాబా మీదికి కుర్చీలు వేయడానికి పోయాడు. అంత సంతోషంగా వాణ్ణి చూసి చాలా రోజులైంది. నేను చేసింది మంచిపనే అనుకున్నాను.

ఎనిమిదికి పావుగంట తక్కువలో నాచారం నర్సింగ్ హోము కాంపౌండర్ బండి మీద వచ్చాడు. నా వయసువాడు. గేటు దగ్గరే రొప్పుతూ నిలబడ్డాడు.

"సారు లేడా అక్కా? ఎన్నిసార్లు చేసినా ఎత్తుతలేడు. ఒకాయనకు కడుపుల పుండు పగిలింది. టేబుల్ మీద పండబెట్టిన్రు. ఇంకో సారుకు చేస్తే ఆయన ఊళ్ళె లేడు."

కొడుకు మెట్లు దిగి వచ్చాడు. "ఫోన్ మోగలేదు గదా" అంటూ చార్జర్ దగ్గరికి పోయాడు. అక్కడ వైరు ఒక్కటే వేలాడుతోంది. నేను వంటింట్లోకి పోయి, డబ్బాలో చెయ్యి పెట్టి, ఫోన్ తీసి ఇచ్చాను. వాడు అంగీ అంచుతో పిండి తుడిచి, చూశాడు. గట్టిగా అరిచినా బాగుండేది.

"నీ చేతికిచ్చి పోయిన నేను" అన్నాడు. అంతే. సంచి తీసుకుని బండెక్కాడు.

రాత్రి మా ఇంట్లోనే ఆగిన బిడ్డకు డాబా పైనుంచి బండి పోవడమొక్కటే కనిపించింది. "పోయిండా?" అని అడిగింది. పోయిండన్నాను. ఫోన్ సంగతి చెప్పలేదు.

చుట్టాలు వచ్చారు. పదిన్నరకు మంగలి వచ్చి పెట్టె ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పదకొండు దాటాక కొడుకు కోడలికి ఫోన్ చేశాడు. ఆపరేషన్ అయింది, పేషెంటు ఒళ్ళు చల్లబడి మత్తు దిగడం లేదు, లేవలేదు. డాబా మీద ఆ మాట తెలియగానే అందరూ బిడ్డ వైపు చూశారు. భువనగిరి అబ్బాయి మంచివాడు. కొత్త పంచె కట్టుకుని, ఇబ్బంది పడుతూ నా దగ్గరికొచ్చి, "చిన్నమ్మా, కూసోమంటవా?" అని అడిగాడు. బిడ్డ పీట జరిపింది.

"ఆగున్రి" అన్నాను. "ముందు ఒక మాట చెప్పాలె. పొద్దున వాడు ఇంట్లనే ఉంటుండె. ఫోన్ నేనే దాచిన, బియ్యంల. వాడు పోవద్దని దాచిన. పిలిచినప్పుడే పోతే ఈపాటికి వస్తుండెనేమో. అరగంట పైన నేనే తిన్న."

చుట్టాల్లో ఒకరిద్దరు నవ్వబోయి ఆగిపోయారు. బిడ్డ నన్నే చూస్తూ అడిగింది.

"ఆ పేషెంట్ ఎట్లున్నడు?"

"లేవలేదంట."

"నువ్వు డాక్టర్ తల్లివేనానే" అంది. కొంచెంసేపు పీట వైపు చూసింది. తర్వాత మంగలి వైపు తిరిగింది. "మామా, జర నాచారం దాకా రావాలె. పెట్టె సదురుకో."

వియ్యపురాలు లేచి నిలబడింది. బిడ్డకు అత్త. "ఏంది వదినా ఇది? దవాఖానల పుట్టెంటికలు తీస్తరా ఎవరన్న? మైల కాదా?"

"ఆ ఎంటికలు మొలిసింది దవాఖానలనే వదినా" అన్నాను. "పిల్ల అక్కడ పుట్టంగ లేని మైల కత్తెరకు ఎక్కడొస్తది? అదే నాచారం, అదే దవాఖాన."

ఆమె ముక్కు విరిచింది గానీ అందరికంటే ముందు ఆటోలో ఎక్కి కూర్చుంది. వంటల దగ్గర ఎవరో ఒకరు ఉండాలని కోడలు ఆగిపోయింది. రెండు ఆటోల్లో పోయాం. పీట, పళ్ళెం, బియ్యం, పసుపు కుంకుమలు నా ఒడిలో ఉన్నాయి.

నర్సింగ్ హోము ముందు బండ్లు నిలిపే రేకుల షెడ్డు ఉంది. దాని కింద కూర్చున్నాం. నర్సమ్మ వచ్చి, లోపలికి ఎవరూ రావద్దని చెప్పింది. బిడ్డ ఆమెతో కబురు పంపింది, కత్తెరతో సహా వచ్చాం, ఐదు నిమిషాలు బయటికి రమ్మని. నర్సమ్మ తిరిగి వచ్చి, "ఆయన లేస్తెనే వస్తనంటున్నరు సారు. టైం దాటుతుంటే భువనగిరి అన్నను కూసోమన్నరు" అని చెప్పింది. అప్పుడు పన్నెండు.

షెడ్డులో మూలన ఒకామె మోకాళ్ళకు తల ఆనించి కూర్చుని ఉంది. ఆ పేషెంటు భార్య. మల్లాపూర్‌లో ఒక వెల్డింగ్ షాపులో పనంట ఆయనది. నేను పోయి పక్కన కూర్చున్నాను. లోపల ఉన్నది నా కొడుకని చెప్పాను. ఫోన్ సంగతి కూడా చెప్పాను. చెప్పకుండా ఆ పక్కన కూర్చోవడం నా వల్ల కాలేదు.

ఆమె తల ఎత్తి నన్ను చూసింది. తిడుతుందేమోనని ఆగాను. తిడితే పడాలనుకున్నాను.

"నువ్వు అరగంట దాపినవ్ పెద్దమ్మా" అంది. "మేం నిన్న మధ్యానం నుంచి సోడా తాపినం. గ్యాస్ అన్నడు, వాము నమిలిండు, బోర్లా పండుకున్నడు. పొద్దుగాల కడుపు కట్టెలెక్క గట్టిపడ్డంక తెచ్చినం. నీ అరగంట ఎంత."

ఆ మాటతో నా తప్పు పోలేదు. కానీ ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, మా పిల్లను దగ్గరికి పిలిచి, కళ్ళలో పడ్డ జుట్టు పక్కకు తీసింది.

పన్నెండుంబావు అయింది. వియ్యపురాలు గడియారం చూపించింది. భువనగిరి అబ్బాయి మళ్ళీ పంచె సర్దుకున్నాడు. బిడ్డ పిల్లను ఎత్తుకుని నిలబడి, ఆపరేషన్ గది తలుపు వైపు చూసింది, మళ్ళీ మా వైపు చూసింది.

"పెద్దన్నా, నువ్వు ఏమనుకోకు" అంది భువనగిరి అబ్బాయితో. "మేం కూసుంటం. పన్నెండున్నర దాకా కాదు, ఆయన లేసేదాకా."

"మరి టైం దాటదా?" అంది వియ్యపురాలు.

అప్పటిదాకా నోరెత్తని మంగలి పెట్టె తెరిచాడు. కత్తెర తీశాడు. పళ్ళెంలో బియ్యం పోసి, కత్తెరకు పసుపు దారం చుట్టి, కుంకుమ పెట్టి, పళ్ళెంలో నిలువుగా ఉంచాడు.

"పని మొదలైంది" అన్నాడు. "కత్తెరకు పసుపు కట్టినమంటే ముహూర్తం పట్టుకున్నట్టే. మా నాయిన ఇట్లనే చేసెటోడు, పెండ్లికొడుకు లారీ ఆగిపోతే. ఇంక ఎంతసేపైనా కూసోవచ్చు. నాకు మాత్రం బువ్వ పెట్టాలె."

"పెడతం మామా, ఇంటిల్లిపాదీ తిన్నంక మిగిలింది పెడతం" అన్నాడు అల్లుడు.

"అట్లయితే పిల్లకు సగం గుండే చేస్త."

ఆ పేషెంటు భార్య కూడా నవ్వింది. నవ్వి, మళ్ళీ తలుపు వైపు చూసింది. తలుపు వైపు చూడనివాళ్ళు ఆ షెడ్డులో ఎవరూ లేరు. మనం ఎరగని మనిషి ఒకడు లోపల కళ్ళు తెరవాలి, అప్పుడే ఇక్కడ కత్తెర కదులుతుంది. నాకు అన్నేళ్ళుగా అర్థం కానిది ఆ షెడ్డులో అర్థమైంది. నా కొడుకు రోజూ కూర్చునేది ఇట్లాగే. మేము ఇంట్లో అన్నం మీద మూత పెట్టి ఎదురుచూసే ప్రతిసారీ, వాడు అక్కడ ఇంకొకరి కోసం ఎదురుచూస్తూనే ఉంటాడు.

ఒంటిగంటకు పది నిమిషాలు తక్కువలో నర్సమ్మ పరుగున వచ్చి, ముందు ఆమెతో చెప్పింది. "మీ ఆయన లేసిండు. పేరడిగితే చెప్పిండు. సోడా అడుగుతుండు."

ఆమె ఏడ్చింది. ఆమెను లోపలికి పంపాక కొడుకు బయటికి వచ్చాడు. పచ్చ బట్టలు, నెత్తికి టోపీ, మెడలో వేలాడే గుడ్డ. కొత్త అంగీ ఎక్కడో లోపల కొక్కేనికి ఉండిపోయింది. షెడ్డు కింద ఇంతమందిని, పసుపు కట్టిన కత్తెరను చూసి మెట్టు మీదే ఆగిపోయాడు.

"భువనగిరి అన్న కూసోలేదా?"

"ఆయన ఒడి నా బిడ్డకు నచ్చలేదంట" అంది చెల్లె. "కూసో. కాళ్ళు ముడుచుకో. చేతులు కడిగినవా?"

"పొద్దటి నుంచి అదే పని."

కూర్చున్నాడు. పిల్లను ఒడిలో పెడితే ఆ టోపీ చూసి గుక్కపెట్టింది. టోపీ తీసేశాడు, అయినా ఆపలేదు. వెంట్రుక పట్టుకోబోతే వాడి వేలు కొరికింది.

"రోజూ గింతమందిని పండబెడ్తరు, ఈ పిడికెడు పిల్ల మీ వల్ల కాకపాయె సారు" అన్నాడు మంగలి. "జర సూది వెయ్యిన్రి."

"దీనికి సూది వేస్తే మా చెల్లె నాకు వేస్తది మామా."

బిడ్డ కొంగు పట్టింది. వాడు మూడుచోట్ల కత్తిరించాడు. బిడ్డ కొంగులో పడ్డ వెంట్రుకలు ముడి వేసుకుంది. మంగలి పిల్లను తీసుకున్నాడు.

మంగలి పని సాగుతుండగా నేను కొడుకు పక్కకు పోయి, ఆ పేషెంటు భార్య చెప్పిన సోడా మాట చెప్పాను. నా అరగంట అంత పెద్దది కాదని వాడితో అనిపించుకోవాలని ఆశ. వాడు అనలేదు.

"వాళ్ళు నిన్ననే రావాలె. నువ్వు నన్ను పిలవాలె. రెండూ నిజమే అమ్మా" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "ఆయన లేసిండు. ఇగ విడిసిపెట్టు" అన్నాడు.

విడిచిపెట్టలేదు. ఇంకెప్పుడూ ఆ ఫోన్‌ను తాకలేదు కూడా. కానీ ఆ రోజు బరువుగా ఇంటికి రాలేదు నేను.

గుండు మీద గంధం పూస్తూ బిడ్డ అన్నతో అంది. "చెవులు కుట్టేది శ్రావణంల. ఈడనే పెట్టుకుందామా, ఆపరేషన్ టేబుల్ మీదనే కుట్టిద్దమా, ముందే చెప్పు. అందరికీ పిలుపులియ్యాలె."

"ఏ దవాఖానల ఉంటనో ముందే ఎట్ల చెప్తనే?"

"ఆ రోజు పొద్దుగాల చెప్పు చాలు. ఆటోలు పిలుస్కొని వస్తం."

ఆ రోజు ఆ షెడ్డు కింద ఉన్నవాళ్ళను రాసిపెడుతున్నాను. నేను. నా కొడుకు. నా బిడ్డ, అల్లుడు, వాళ్ళ గుండు పిల్ల. వియ్యపురాలు, ఆమె వెంట ఆమె మరది. కొత్త పంచె నలిగిపోయిన భువనగిరి అబ్బాయి, కాళ్ళ నొప్పులతోనే వచ్చిన అతని తల్లి. మంగలి. పొద్దున మా గేటు దగ్గరికి వచ్చిన కాంపౌండర్. నర్సమ్మ. కోసిన డాక్టరు ఇంటికి పోతూ పోతూ ఐదు నిమిషాలు ఆగి, పిల్ల నెత్తిన అక్షింతలు వేశాడు, ఆయన్నీ లెక్కలో వేస్తున్నాను. కోడలు లేదు, ఇంట్లో ఇరవై మందికి వండిన అన్నానికి కాపలా ఉంది. లోపలి నుంచి ఒకసారి వచ్చి పిల్లను ముద్దాడిపోయిన ఆ పేషెంటు భార్య. కిటికీకి అవతల మంచం మీద ఆమె భర్త, అప్పటికి మేలుకునే ఉన్నాడు.